చలికాలానికి ఎంతవుతుంది

నెగానీ, 1979 ఆగస్టు 26

తమ్ముడు ఆర్వోకి,

ఇల్లు దొరికింది. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చదువుతావని మొదటే రాస్తున్నాను.

మా వీధి మలుపు తిరగ్గానే ట్రెగేర్ గారి ఇల్లు. వేరే వాటాలు లేవు, ఇల్లంతా మీదే. కింద వంటిల్లు, హాలు, ఒక గది. మేడ మీద పిల్లలకి చెరో గది. పెరట్లో ఆవిరి స్నానాల గది కూడా ఉంది. దాని చిమ్నీ ఒరిగింది, మీ బావ నిలబెడతానన్నారు. ఆయన నిలబెట్టినవి ఎన్నాళ్లు నిలబడతాయో నీకు తెలుసు. అద్దె నూట డెబ్భై ఐదు డాలర్లు.

మీ అత్తగారి లాయరు రెండో కాగితం పంపాడు. కూతురు జాయిస్ పోయినప్పటి నుంచి డేల్‌ని తనే పెంచుతోంది కనక, నా దగ్గరున్న పౌలాని కూడా గ్రీన్‌బే పంపెయ్యాలని హ్యారియెట్ గారి వాదన. తండ్రి ఏడాదిలో పది నెలలు ఓడ మీదే ఉంటాడట. అందులో అబద్ధం లేదు. జనవరి నుంచి నువ్వు ఓడ మానేసి గని పవర్‌హౌస్‌లో చేరుతున్నావని కోర్టు తరఫున వచ్చిన మిస్ ఓడెల్‌కి చెప్పాను. ఆవిడ పెన్ను మూత తియ్యకుండానే, "అక్కడ జీతం తక్కువ కదండీ. అద్దె ఒక్కటే రాస్తే చాలదు. చమురు, కరెంటు, నీళ్లు, చెత్త, అన్నీ కలిపి నెలకి ఎంతవుతుందో అంచనా వేసి ఇవ్వండి. అవి పోగా పిల్లలకి ఏం మిగులుతుందో జడ్జిగారు చూడాలి" అంది. నవంబరు పదిహేనున విచారణ.

ట్రెగేర్ గారిని అడిగితే అన్నీ కలిపి అరవై దాటవన్నారు. ఆయన మాట ఆయనది. ఇంకొకరిని కూడా అడుగుతాను.

ఇదంతా ఫోనులో చెప్పచ్చు. కానీ రెండిళ్లకీ కలిపి ఒకే లైను, దాని మీద పక్కింటావిడ చెవి ఎప్పుడూ ఉంటుంది.

నీ అక్క,
ఎల్మా

---

ఓడ మీంచి, సెప్టెంబరు 3

అక్కా,

డిట్రాయిట్ నదిలో తపాలా పడవ పక్కకి వచ్చి, తాడుకి కట్టిన బకెట్లో ఉత్తరాలు పైకి పంపింది. నీది అందరికన్నా ముందు లాక్కున్నాను. మెట్లు దిగుతూనే చదివేశాను.

ఇంకొకరిని అడగడం దేనికి? తీసుకో. అరవై అని రాసెయ్. ఇంజను గదిలో పదిహేనేళ్లుగా చమురు తాగే రాక్షసికి మేత వేస్తున్నవాణ్ణి నేను. నేలమాళిగలో ఇల్లు వెచ్చబెట్టే చిన్న పొయ్యికి ఎంత కావాలో నాకు వేరే చెప్పాలా? ఆవిరి గదికి ఎలాగూ కట్టెలే. పౌలా ఇక ఆ గదిలో గంటల తరబడి కూచోవచ్చు, బయటికి రమ్మని అరిచేవాళ్లుండరు.

ఇంట్లో మంచాలు కొనాలి. డేల్‌కి ఇప్పుడు ఎంత మంచం పడుతుందో నాకు తెలియడం లేదు. పోయిన నెల రేవులోంచి ఫోన్ చేస్తే హ్యారియెట్ గారు వాడిని పిలిచారు. వాడు ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి తీస్తూ నించున్నాడు. నేనూ అంతే. వెనక క్యూలో ఉన్నవాడు, "ఏంటి, అవతల ఎవరూ లేరా?" అన్నాడు.

వంటవాడు మారాడు. ఈ కొత్తవాడి సూపులో గరిటె నిలబెడితే నిలబడుతుంది.

ఆర్వో

---

నెగానీ, సెప్టెంబరు 12

ఆర్వోకి,

తొందరపడకు. ఆ ఇంట్లో రెండు చలికాలాలు అద్దెకున్న బోద్రీ గారింటికి వెళ్లాను. అరవై అనగానే ఆవిడ చేతిలో కాఫీ కింద పెట్టి నవ్వింది.

"అరవయ్యా? అది మే నెల లెక్కమ్మా. జనవరి లెక్క చెప్పమను ఆ పెద్దమనిషిని. పై గదుల్లో గోడకి చెయ్యి ఆనిస్తే వెనక్కి లాక్కోవాల్సిందే. మా పెద్దాడు టోపీ పెట్టుకుని పడుకునేవాడు. పొయ్యి రాత్రీ పగలూ మండేది. అయినా పైకి వేడి ఎక్కేది కాదు."

పైపులు గడ్డకట్టకుండా ఊరివాళ్లు చలికాలమంతా కుళాయి సన్నధారగా వదిలి ఉంచమంటారు కదా, ఆ నీళ్ల డబ్బు కూడా ట్రెగేర్ గారు లెక్కలో వెయ్యలేదు. చమురు కొట్టాయన దగ్గరికీ వెళ్లాను. "క్రిస్మస్‌కి ఎంత పెరుగుతుందో నన్నడక్కండి, నాకే నిద్ర పట్టడం లేదు" అన్నాడు. గట్టి చలి నెలల్లో అన్నీ కలిపి రెండు వందలు దాటుతుంది ఆర్వో. ఎండాకాలంతో కలిపి సగటు తీస్తే నెలకి నూట ముప్పై.

పవర్‌హౌస్ జీతంలో ఇది మోయగలవా? నాకో ఆలోచన వచ్చింది, కోపం తెచ్చుకోకు. ఈ చలికాలం డేల్‌ని అక్కడే ఉండనిచ్చి, మంచు కరిగాక తెచ్చుకుంటే? పౌలా ఎలాగూ నా దగ్గరుంది. ఉద్యోగంలో నువ్వు కుదురుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.

బాగా ఆలోచించి రాయి.

ఎల్మా

---

నెగానీ, సెప్టెంబరు 19

ఆర్వోకి,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోపు ఒకటి జరిగింది, ఎవరో చెప్పేలోపు నేనే రాస్తున్నాను.

ఆదివారం హ్యారియెట్ గారు చెప్పాపెట్టకుండా డేల్‌ని తీసుకుని కారులో వచ్చారు. పౌలాని చూడాలన్నారు. వచ్చినావిడని గుమ్మంలోంచి పంపలేను కదా. యాలకుల రొట్టె కోసి పెట్టాను. వీళ్లూ మనలాగే అక్కాతమ్ముళ్లు. కాసేపు ఒకరినొకరు చూసుకుని, తర్వాత పెరట్లోకి పోయి ఏదో తవ్వారు.

ట్రెగేర్ గారి ఇల్లు చూపించమంది. చూపించాను. మేడ ఎక్కి, చేతి తొడుగు తీసి, గోడ మీద అరచెయ్యి ఆనించి నించుంది. "చలికాలానికి ఎంతవుతుంది?" అని అడిగింది. సగటున నూట ముప్పై అని చెప్పేశాను. ఆవిడ తొడుగు మళ్లీ వేసుకుని కిందికి దిగింది. నాకు చెప్పడమే మంచిదనిపించింది. దాచినట్టు ఉండకూడదు.

డేల్ జోడు మూడో సైజు. మంచం పెద్దవాళ్లదే కొను.

ఎల్మా

---

ఓడ మీంచి, సెప్టెంబరు 22

ఎల్మాకి,

పన్నెండో తారీకు ఉత్తరం అందింది.

వసంతం దాకా ఆగమంటావా. రెండేళ్లు ఆగాను. ఇంకొక చలికాలం ఆగితే వాడు నన్ను మామయ్యా అంటాడు. ఆ బోద్రీ గారికి నలుగురు పిల్లలు, తలుపులన్నీ బార్లా తీసి పెట్టేవాళ్లు. వాళ్ల లెక్క నా లెక్కెలా అవుతుంది?

ట్రెగేర్ గారికి నేనే రాసి, రెండు నెలల అద్దె పంపించేశాను. అరవై అని ఆయన చేత కాగితం రాయించుకుని, కింద నేనూ సంతకం పెట్టి కోర్టుకి పంపుతాను. నిన్నెవరైనా అడిగితే నువ్వూ అదే చెప్పు. నిన్ను కోరేది అంతే.

ఒక మాట మనసులో పెట్టుకోవడం నాకు చేతకాదు. నీకు పిల్లల్లేరు. పౌలా ఉంటే నీ ఇల్లు నిండుగా ఉంటుంది. ఈ లెక్క రోజురోజుకీ పెరగడం అందుకేనా?

ఆర్వో

---

ఓడ మీంచి, అక్టోబరు 1

ఎల్మాకి,

పందొమ్మిదో తారీకుది ఇప్పుడందింది. అంటే నా గుట్టు తీసుకెళ్లి ఆవిడ చేతిలోనే పెట్టావు. రొట్టె కోసి పెట్టి మరీ.

విచారణకి నేను సెలవు పెట్టి వస్తున్నాను. నువ్వు రానక్కర్లేదు.

ఆర్వో

---

నెగానీ, అక్టోబరు 11

ఆర్వోకి,

రెండు ఉత్తరాలూ అందాయి. మొదటిది చదివి మడిచి పెట్టాను. రెండోది పౌలా చేతికి అందింది. కవరు నీ రాత కనక తనకేనేమో అనుకుని విప్పింది. "అత్తా, నాన్నకి నువ్వేం చేశావు?" అని అడిగింది. ఏమీ చెయ్యలేదన్నాను. పన్నెండేళ్ల పిల్ల, నమ్మినట్టు తలూపింది.

నాకు పిల్లల్లేరన్న సంగతి నాకు తెలుసు. నువ్వన్నదాంట్లో కొంత నిజముంది కూడా. పౌలా వెళ్లిపోతే నా ఇల్లు బోసిపోతుంది. బడి వంటశాలలో నాలుగొందల మందికి వడ్డించి వచ్చి, ఇంట్లో ముగ్గురికి వండడం నాకు ఇష్టం. ఇద్దరికి వండడం అంత ఇష్టం లేదు. కానీ అందుకోసం చమురు ధర పెంచేది నేను కాదు, ఆ ఇంటి గోడలు పల్చగా కట్టిందీ నేను కాదు.

నేను కోర్టులో అరవై అనను. నువ్వు రావద్దన్నా మిస్ ఓడెల్ రమ్మంది, వెళ్లాలి. అబద్ధం నీ కోసమైనా చెప్పనని కాదు. ఈ అబద్ధం జనవరిలో పిల్లల మంచం మీదికి వస్తుంది, అందుకు చెప్పను.

నువ్వు డబ్బు కట్టేశావు కనక ఆ ఇంటిని ఉండదగ్గట్టు చెయ్యాలి. మీ బావ, ఇంకో ఇద్దరు గనివాళ్లు కలిసి చలిగాలి దూరకుండా కిటికీలకి ప్లాస్టిక్ కొట్టారు. మేడ మెట్ల దగ్గర తలుపు బిగిస్తున్నారు. చలి నెలల్లో పై గదులు మూసేసి అందరూ కింద పడుకుంటే చమురు బాగా తగ్గుతుందట. చమురాయన కూడా ఒక దారి చెప్పాడు. ఏడాది ఖర్చు ముందే అంచనా వేసి పన్నెండు సమభాగాలు చేస్తే నెలనెలా అంతే తీసుకుంటాడట. జనవరిలో ఒక్కసారిగా నెత్తి మీద పడదు. కాకపోతే అంచనా నిజమైనదై ఉండాలి, తక్కువ చెప్పి తర్వాత చేతులెత్తేస్తే ఒప్పుకోడు. ఆ లెక్కన అన్నీ కలిపి నెలకి నూట పదిహేను.

కుదిరితే జవాబు రాయి.

ఎల్మా

---

నెగానీ, నవంబరు 5

ఆర్వోకి,

నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. మీ ఓడలు తిరిగే పెద్ద సరస్సులో గాలివాన అని రేడియోలో చెబుతున్నారు. ఓడలు ఎక్కడెక్కడో ఒడ్డు చాటున ఆగాయట. పేర్లు చెప్పడం లేదు. మీ బావ రేడియో కట్టెయ్యమంటారు, తనే మళ్లీ పెడతారు.

కోపం ఎంతైనా ఉంచుకో. బతికున్నానని ఒక్క ముక్క రాయి.

ఎల్మా

---

నెగానీ, నవంబరు 15, సాయంత్రం

ఆర్వోకి,

నువ్వు రాలేదు. రెండు బస్సులు చూసి వెళ్లాను. మీ ఓడ ఇంకా లంగరు వేసే ఉందని కంపెనీ ఆఫీసులో చెప్పారు. అంటే బతికున్నావు. ఇక జరిగింది చెబుతాను.

జడ్జిగారి ముందు నీ సంతకంతో వచ్చిన కాగితం ఉంది, అరవై అని. మిస్ ఓడెల్ దగ్గర నేనిచ్చిన లెక్క ఉంది, నూట పదిహేను. ఆయన రెండూ పక్కపక్కన పెట్టుకుని కళ్లద్దాల మీంచి నన్ను చూశారు.

"ఒకే ఇల్లు, ఒకే కుటుంబం. రెండు లెక్కలేంటమ్మా? ఎవరిది అబద్ధం?"

"అబద్ధం ఎవరిదీ కాదండీ. మా తమ్ముడు ఓడ మీదున్నాడు. ఇంటాయన చెప్పింది నమ్మాడు. నేను ఊళ్లో ఉన్నాను కనక ఆ ఇంట్లో చలికి వణికినావిడని అడిగాను."

"మీ తమ్ముడికి ఈ సంగతి తెలుసా?"

తెలుసని చెబితే నువ్వు అబద్ధమాడినట్టు. తెలియదంటే నేను ఆడినట్టు. "ఉత్తరం రాశానండి. కోపమొచ్చింది" అన్నాను. గదిలో ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. హ్యారియెట్ గారి లాయరు లేచి, కన్నతండ్రే ఖర్చు దాచిపెట్టి పిల్లల్ని తెచ్చుకోవాలని చూశాడని గట్టిగా పట్టుకున్నాడు. నా నిజం వల్లే నువ్వు అబద్ధాలకోరువయ్యావు. నువ్వు అనుకున్నదే అయింది అనిపించింది.

అప్పుడు హ్యారియెట్ గారు లాయరు కోటు పట్టుకుని కూచోబెట్టింది. తను లేచింది.

"ఎల్మా, ఆ లెక్కలో పై గదులున్నాయా?"

"లేవండి. చలి నెలల్లో మూసేస్తాం. పిల్లలిద్దరూ కింద గదిలో, వాళ్ల నాన్న హాల్లో."

"పక్క ఇల్లెవరిది?"

"పక్కది కాదు గానీ, కేకేస్తే వినపడే దూరంలో మాది."

ఆవిడ జడ్జిగారి వైపు తిరిగింది. "సెప్టెంబర్లో అడిగితే కూడా ఈ మనిషి నాకు నిజమే చెప్పింది. చెప్పకపోతే ఈవిడకి పోయేదేం లేదు. నేను గోడ పట్టుకుని చూశాను. అల్లుడి మీద నాకు నమ్మకం లేదు. ఈవిడ మీద ఉంది" అని కూచుంది.

తీర్పు మనం కోరినట్టూ కాదు, వాళ్లు కోరినట్టూ కాదు. జనవరి నుంచి పిల్లలిద్దరూ నీ దగ్గర ఉండచ్చు. ఏప్రిల్ దాకా పరీక్ష. నెలనెలా మిస్ ఓడెల్ వస్తుంది. ఒక్కరోజు పొయ్యి ఆరినా, బిల్లు కట్టలేకపోయినా ఇద్దరూ గ్రీన్‌బేకి. నీ అరవై కాగితం గురించి మాత్రం జడ్జిగారు నీ మొహం మీదే అడుగుతామన్నారు, తయారుగా ఉండు.

బయట వరండాలో హ్యారియెట్ గారు కోటు గుండీలు పెట్టుకుంటూ, "ఆ మేడ తలుపుకి తాళం వెయ్యండి. వాడు నిద్రలో నడుస్తాడు" అంది. వాడు నిద్రలో నడుస్తాడని నీకు తెలుసా? నాకు తెలీదు.

నీ మాట కాదన్నాను. ఏమనుకుంటావో అనుకో.

ఎల్మా

---

ఓడ మీంచి, నవంబరు 12

అక్కా,

ఒడ్డు చాటున లంగరు వేసి ఉన్నాం. ఎన్నాళ్లో తెలియదు. గాలివానకి ముందు అందిన నీ పెద్ద ఉత్తరం జేబులోనే ఉంది. జవాబు రాయడానికి కోపం అడ్డొచ్చింది, కోపం తగ్గాక సిగ్గు అడ్డొచ్చింది.

మా పడక గదులకి వెళ్లే ఆవిరి గొట్టం పగిలింది. బాగుచెయ్యడానికి అలలు ఆగడం లేదు. నలుగురం కోట్లు, బూట్లతో పడుకుంటున్నాం. ఒళ్లు పెద్దది, తట్టుకుంటాను. నిన్న పక్క మంచం మీది కుర్రవాడి పళ్లు టకటకలాడుతుంటే వింటూ పడుకున్నాను. చమురు గురించి నాకు వేరే చెప్పాలా అని నీకు రాశాను. పదిహేనేళ్లు పొయ్యి పక్కన నిలబడ్డవాడికి చలి గురించి ఏం తెలుస్తుంది?

విచారణకి అందుకోలేను. నువ్వే వెళ్లు. నీ లెక్కే చెప్పు. నేను పంపిన కాగితం తప్పని కూడా చెప్పు. నీకు పిల్లలు లేరని నేనన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో నాకు తెలియదు. ఈ ఉత్తరం పదిహేనుకి ముందు నీకు అందాలని ఉంది. అందదేమో.

ఆర్వో

---

నెగానీ, నవంబరు 20

ఆర్వోకి,

పన్నెండో తారీకు ఉత్తరం ఇవాళ వచ్చింది. గుమ్మంలో నించునే చదివాను, తలుపు వెయ్యడం మరిచిపోయాను. మీ బావ, "ఆ తలుపు! బయట ఊరంతా మనమే వెచ్చబెడుతున్నామా?" అని కేకేశారు.

ఆ మాట వెనక్కి తీసుకోనక్కర్లేదు. ఇక అనకు, చాలు. త్వరగా రా.

అక్క

---

గ్రీన్‌బే, 1980 ఫిబ్రవరి 9

ఆర్వోకి,

బస్సు బాగానే చేరింది. హ్యారియెట్ గారి తుంటి ఎముకకి మేకులు వేశారు. మంచు మీద జారి, ఎవరూ చూసేదాకా అలాగే పడి ఉన్నారట. ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపేశారు. ఇంట్లో అన్నీ మెట్లే, స్నానాల గది కూడా పైనే. నేను భుజం ఇస్తే, "బరువు మొయ్యడానికి వచ్చావా, పెత్తనానికా?" అంటుంది. సూపు తాగి గిన్నె అవతలికి తోసి, "బడి వంట" అంది.

నా సెలవు వచ్చే వారంతో అయిపోతుంది. తర్వాత ఈవిడనెవరు చూస్తారో తెలియడం లేదు. వృద్ధుల ఆశ్రమం పేరెత్తితే గోడవైపు తిరుగుతుంది. మిస్ ఓడెల్ వచ్చిందా? బిల్లు ఎంతొచ్చింది?

ఎల్మా

---

నెగానీ, ఫిబ్రవరి 12

అక్కా,

మిస్ ఓడెల్ వచ్చింది. పొయ్యి చూసింది, కుళాయి సన్నధార చూసింది, డేల్‌ని చలేస్తుందా అని అడిగింది. వాడు, "ఉక్కపోస్తుంది, నాన్న గురకపెడతాడు" అన్నాడు. రెండూ రాసుకుంది.

నీ అంచనా తప్పింది. చమురు మళ్లీ పెరిగింది. నెలవారీ భాగాన్ని చమురాయన ఇంకో పన్నెండు డాలర్లు పెంచాడు. రెండు ఆదివారాలు అదనపు షిఫ్టు చేసి సర్దాను. పౌలా దీపాలార్పుతూ నా వెనకే తిరుగుతుంది, చదువుకుంటున్నప్పుడు కూడా ఆర్పేస్తుంది. అచ్చం నీ పోలికే.

అత్తగారి సంగతి ఆలోచించాను. ముందు పిల్లలతో మాట్లాడాను, తర్వాత లెక్క వేశాను. ఇక్కడ స్నానాల గది కిందే ఉంది. ఒక మనిషికి వేడినీళ్లు, రాత్రంతా ఒక దీపం, బట్టలు ఉతకడం, ముసలావిడ కనక పొయ్యి ఒక మెట్టు ఎక్కువ. ఈసారి నిజంగానే అడిగి తెలుసుకున్నాను. బోద్రీ గారి అత్తగారు చివరి చలికాలం వాళ్లతోనే గడిపారట, ఎంత పెరిగిందో ఆవిడ చెప్పింది. నెలకి ఇరవై. ఇంకో ఆదివారం షిఫ్టు చేస్తే సరిపోతుంది.

ఆవిడకి నా మీద నమ్మకం లేదని నువ్వే రాశావు. పరవాలేదు, నమ్మకానికి అద్దె లేదు. నడవగలిగేదాకా ఉండమను. ఒప్పుకోకపోతే నా పేరెత్తకు, డేల్ రమ్మంటున్నాడని చెప్పు. అది నిజమే.

కింద గది ఆవిడకి. పిల్లలిద్దరూ నాతో హాల్లో. పౌలా అప్పుడే తన పక్క బయటికి లాగేసింది. శనివారం బావ కారు తీసుకుని నేనూ ఆయనా వస్తున్నాం. వెనక సీటంతా ఖాళీగా ఉంచుతాం, కాలు చాపుకుని కూచోవచ్చని ఆవిడతో చెప్పు.

ఆర్వో